డాక్టరమ్మా, ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి

పోయిన నెల హైదరాబాద్‌లో మా కాలనీ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి వచ్చే నీరసం, మతిమరుపు, కీళ్ళ నొప్పులు, ఒళ్ళు రావడం, నిద్ర పట్టకపోవడం, వీటన్నిటికీ మూలం టెస్టోస్టిరాన్ తగ్గిపోవడమేనట. అది మళ్ళీ ఎక్కించుకుంటే పాతికేళ్ళ నాటి ఓపిక తిరిగొస్తుందట. ఒకావిడ గబగబా చెప్పుకుపోయింది, కింద ఒక ఫోన్ నంబరు. కాసేపటికి గ్రూపంతా గోల. సగం మంది "మగవాళ్ళ హార్మోనా? మీసాలొస్తాయమ్మా" అన్నారు. మిగతా సగం "ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది" అని అడిగారు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. హార్మోన్ల పాఠం ఏటా చెప్పేదే కాబట్టి "మేడమ్, మీరు చెప్పండి, నిజమేనా?" అని నన్నూ లాగారు. నాలుగు వాక్యాల్లో జవాబిచ్చి ఊరుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ వీడియోలో గానీ, ఆ తర్వాత వరసపెట్టి వచ్చిన మెసేజుల్లో గానీ ఎవ్వరూ పైకి అనని మాట ఒకటుంది. ఆ మందు పనిచేస్తుందని గట్టిగా తేలింది ఆ ఒక్క విషయంలోనే. అది కోరిక.

మెనోపాజ్ (పీరియడ్స్ పూర్తిగా ఆగిపోవడం) తర్వాత భర్తతో దగ్గరవ్వాలన్న ఆసక్తి పూర్తిగా పోయి, పోయినందుకు ఆ మనిషి తనకు తానుగా బాధపడుతూ ఉంటే, టెస్టోస్టిరాన్ కొంత పనికొస్తుంది. మన ఊళ్ళో వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. పనికొస్తుందని రుజువులేని వాటికి దాన్ని అమ్ముతున్నారు, పనికొచ్చే దాన్ని గురించి మాత్రం నోరెత్తడం లేదు. నా దృష్టిలో తప్పు మందుది కాదు, వాడే ఆడవాళ్ళది అసలే కాదు. యాభై ఏళ్ళ ఆడమనిషికి కోరిక అనేది ఉంటుందని, అది పోతే ఆమెకి బాధ కలగొచ్చని మన ఆసుపత్రుల్లో ఎవరూ అనుకోవడం లేదు. అడగడం లేదు. అడగనంత కాలం ఈ మందు దొంగచాటుగానో, లేనిపోని ఆశల మీదో అమ్ముడవుతూనే ఉంటుంది.

పరిశోధనల్లో తేలింది

ఆడవాళ్ళ ఒంట్లో కూడా టెస్టోస్టిరాన్ ఉంటుందంటే బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఆశ్చర్యపోతారు. అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. ఈస్ట్రోజన్ తయారయ్యేది కూడా దాని నుంచే. ఇరవైల్లో ఉన్నంత నలభై అయిదుకి ఉండదు, ఇంచుమించు సగానికి వస్తుంది. అయితే ఇది ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గేది. ఈస్ట్రోజన్ పడిపోయినట్టు మెనోపాజ్‌లో ఒక్కసారిగా పడిపోదు. కాబట్టి "పీరియడ్స్ ఆగాయి, టెస్టోస్టిరాన్ పడిపోయింది, అందుకే ఈ నీరసం" అనే లెక్క మొదట్లోనే తప్పింది.

2019లో పలు దేశాల మెనోపాజ్, ఎండోక్రైన్ (హార్మోన్ల) వైద్య సంఘాలు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సూజన్ డేవిస్ దానికి ముందు నిలిచారు. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి టెస్టోస్టిరాన్ ఇవ్వడానికి ఆధారం ఉన్న కారణం ఒక్కటే అని ఆ ప్రకటన తేల్చేసింది. కోరిక తగ్గడం, దానివల్ల బాధ పడటం. అదే ఏడాది 36 ట్రయల్స్‌ని, వాటిలో పాల్గొన్న 8,480 మంది వివరాలని కలిపి చూసిన పెద్ద సమీక్ష లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. మందు వాడినవాళ్ళలో కోరిక పెరిగింది, ఆ విషయంలో దిగులు తగ్గింది, తృప్తిగా గడిపిన సందర్భాలు ఉత్తుత్తి మందు వాడినవాళ్ళకంటే సగటున నెలకి ఇంచుమించు ఒకటి పెరిగాయి. డిప్రెషన్ విషయంలో గానీ, జ్ఞాపకశక్తి విషయంలో గానీ, కండలూ ఎముకల విషయంలో గానీ మేలు కనపడలేదు.

ఇది స్టాఫ్ రూములో చెప్తే ఒక కొలీగ్ "నెలకి ఒక్కసారా! దీనికోసం హార్మోన్లు పూసుకోవాలా?" అంది. ఆ మాటని తేలిగ్గా తీసిపారేయలేను. చర్మానికి అంటించుకునే టెస్టోస్టిరాన్ ప్యాచ్ మీద 2008లో 814 మందితో జరిగిన ట్రయల్‌లో కూడా ఇదే కనిపిస్తుంది. తృప్తిగా గడిపిన సందర్భాలు నాలుగు వారాల లెక్కలో ఎక్కువ మోతాదు మందు ప్యాచ్ వేసుకున్నవాళ్ళకి 2.1 పెరిగితే, ఉత్తుత్తి ప్యాచ్ వేసుకున్నవాళ్ళకి కూడా 0.7 పెరిగింది. ఎవరో పట్టించుకుని అడుగుతున్నారన్నదానికే ఒంట్లో కొంత మార్పు వస్తుందన్నమాట. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ ట్రయల్‌లో మందు వాడినవాళ్ళలో నలుగురికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది, ఉత్తుత్తి ప్యాచ్ వాడినవాళ్ళలో ఎవరికీ లేదు. ఆ నలుగురిలో ఒకరికి మందు మొదలుపెట్టిన నాలుగు నెలల లోపే తెలిసింది, మరొకరికి ముందునుంచే లక్షణాలు ఉన్నాయి. కాబట్టి మందువల్లే వచ్చిందని అనలేం, అసలు సంబంధం లేదని కొట్టిపారేయనూ లేం. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి, గుండె జబ్బులున్నవాళ్ళకి ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో చెప్పే ట్రయల్స్ లేవు.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఈ మందు వైపే మాట్లాడుతున్నాను. సగటు ఒకటి అంటే అందరికీ ఒకటి అని కాదు. కొందరికి ఏమీ జరగదు, కొందరికి చాలా మారుతుంది. అదీగాక, ఎన్నిసార్లు అన్న లెక్కకంటే ఆ దిగులు తగ్గడం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఏళ్ళ తరబడి "నాలో ఏదో లోపం" అనుకుంటూ బతకడం చిన్న బాధ కాదు.

"సార్‌కా, మేడమ్?"

మా కాలేజీలోనే కామర్స్ చెప్పే నా స్నేహితురాలికి యాభై మూడు. వేడి ఆవిర్లకి ఈస్ట్రోజన్ జెల్, దానితోపాటు ప్రొజెస్టిరాన్ వాడుతోంది. ఆవిర్లు తగ్గాయి, నిద్ర పడుతోంది. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. "ఆయన మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఒళ్ళే, ముట్టుకుంటే గోడని ముట్టుకున్నట్టుంది" అంది నాతో. ఆ మాట డాక్టరుతో అనడానికి ఆమెకి చాలా కాలం పట్టింది. చివరికి అన్నది. ఆ డాక్టరమ్మ మంచిది, కంగారు పడలేదు, నవ్వలేదు. ముందు టెస్టోస్టిరాన్ రక్తపరీక్ష చేయించి, ఎక్కువ లేదని చూసుకుని జెల్ రాసిచ్చింది.

విద్యానగర్‌లో మెడికల్ షాపు కుర్రాడు చీటీ చూసి "సార్‌కా, మేడమ్?" అని అడిగాడు. ఆమె అవునని తలూపి తెచ్చుకుంది.

ఆ కుర్రాణ్ణి అనడానికేం లేదు. మన దగ్గర దొరికే టెస్టోస్టిరాన్ జెల్ మగవాళ్ళ కోసం తయారైనదే. లోపలి కాగితం మొత్తం మగవాళ్ళ గురించే. ఒక్కో సాచెట్‌లో 5 గ్రాముల జెల్, అందులో 50 మిల్లీగ్రాముల మందు. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 5 మిల్లీగ్రాములు. అంటే సాచెట్‌లో పదో వంతు. ఒకరోజు వాళ్ళింటికి వెళ్తే ఎలా వాడుతోందో చూపించింది. సాచెట్ మూల కత్తెరతో సన్నగా కత్తిరించి, శనగగింజంత జెల్ వేలి మీదకి తీసుకుని తొడ బయటివైపు రాసుకుంది. తర్వాత ఆ మూలని రెండు మడతలు పెట్టి, బట్టల క్లిప్పు తగిలించి, స్టీలు డబ్బాలో వేసి పై అరలో పెట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఇంట్లో మూడేళ్ళ మనవడు ఉన్నాడు. జెల్ రాసుకున్న పెద్దవాళ్ళ చర్మం తగిలి చిన్నపిల్లల్లో వయసుకి ముందే మార్పులు కనిపించడంతో 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జెల్స్ మీద పెద్దక్షరాల హెచ్చరిక పెట్టించింది. డాక్టరు ఆ సంగతి చెప్పినప్పటినుంచీ ఆమె రాసుకున్న చోటు ఆరేదాకా, బట్ట కప్పుకునేదాకా వాణ్ణి దగ్గరికి రానివ్వదు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాటు శనగగింజా, కాబూలీ శనగగింజా? అది చెప్పలేదు ఎవరూ" అంది. సరైన ప్రశ్నే. ఆ రెండు గింజలకీ మధ్య మోతాదులో ఎంతో తేడా ఉంటుంది.

మా పిన్ని కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అదీ ఇదే సమస్యతో, ఇదే మందు వాడుతోంది. దసరాకి వచ్చినప్పుడు దాని ట్యూబు చూశాను. ఆడవాళ్ళ కోసమే చేసిన 1 శాతం క్రీము, ఆస్ట్రేలియాలో 2020 నవంబరులో అనుమతి పొందింది. గీతలున్న చిన్న కొలత గొట్టం దానితోపాటే వస్తుంది. అర మిల్లీలీటరు గీత దాకా తీసుకుంటే 5 మిల్లీగ్రాములు. గింజల గొడవ లేదు. ఇంతకీ ట్యూబుకంటే నన్ను ఆకట్టుకున్నది వేరే. అక్కడి ఫ్యామిలీ డాక్టరు ఆవిర్ల గురించి, నిద్ర గురించి అడిగిన వరసలోనే, అదే గొంతుతో, కోరిక గురించి కూడా అడిగిందట. "అక్కా, అడిగేసరికి ఏడుపొచ్చింది నాకు" అంది.

నా స్నేహితురాలికి మూడో నెలలో మార్పు తెలిసింది. "అద్భుతాలేం జరగలేదు. ఒకరోజు నేనే ఆయన పక్కకి జరిగాను. నా అంతట నాకు అనిపించి!" అని చెప్తున్నప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. తొడ మీద రాసుకునే చోట కాస్త నూగు వచ్చింది, డాక్టరు చోటు మార్చి మార్చి రాసుకోమంది. మొదలుపెట్టిన కొన్ని వారాలకి రక్తపరీక్ష, తర్వాత ఆరు నెలలకొకసారి. ఆరు నెలలు వాడినా తేడా తెలియకపోతే ఆపేయాలన్నది మొదట్లోనే చెప్పిన షరతు.

నీరసం అంటే చాలు

మన ఆడవాళ్ళు డాక్టరు దగ్గర ఏ మాటైనా నీరసం రూపంలోనే చెప్తారు. దిగులు నీరసమే, కాపురంలో విసుగు నీరసమే, కోరిక లేకపోవడమూ నీరసమే. ఆ ఒక్క మాటకే ఎవరూ ముఖం చిట్లించరు కాబట్టి. డాక్టర్లు దానికి తగ్గట్టే థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, డీ విటమిన్ పరీక్షలు రాస్తారు. అవి చేయించాల్సినవే. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంతుందో అందరికీ తెలిసిందే, యాభైల్లో నీరసానికి చాలాసార్లు అసలు కారణం అక్కడే దొరుకుతుంది. అవన్నీ బాగానే ఉన్నా నీరసం తగ్గనప్పుడు తర్వాతి ప్రశ్న రావాలి. అది రాదు, కాల్షియం బిళ్ళ వస్తుంది.

మా వదిన విషయంలో అదే జరిగింది. కాల్షియంతో విసిగిపోయి, ఇలాంటి వీడియో ఒకటి చూసి, ఒక వెల్‌నెస్ క్లినిక్‌లో టెస్టోస్టిరాన్ జెల్ తెచ్చుకుని వాడింది. ఓపిక రాలేదు, మొటిమలు వచ్చాయి. ఒకే గదిలో పడుకుని ఒక రాత్రంతా నాతో మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. లోపల పొడిబారిపోయి, దగ్గరైతే నొప్పి. నొప్పికి భయపడి దూరం జరగడం, జరిగినందుకు అన్నయ్య ముభావంగా ఉండటం, ఆ టెన్షన్‌తో నిద్ర లేకపోవడం, నిద్రలేక పగలంతా నీరసం. టెస్టోస్టిరాన్ ఆ నొప్పిని తగ్గించదు.

నా సంగతీ చెప్తాను. నాకు నలభై ఎనిమిదికి పీరియడ్స్ ఆగాయి. నాదీ పొడిబారడమే. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము డాక్టరు రాసిచ్చింది, కొన్ని వారాల్లో నొప్పి పోయింది, నొప్పి పోయాక ఇష్టం దానంతట అదే తిరిగొచ్చింది. నాకు టెస్టోస్టిరాన్ అవసరం పడలేదు. ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు కూడా కోరికని చంపేస్తాయి, అప్పుడు చూడాల్సింది ఆ మాత్రని. ఏది దేనివల్లో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి, ఎదుటి మనిషి నోరు తెరిచి చెప్పాలి. రక్తపరీక్షలో తేలే విషయం కాదిది. ఇంత అంకె కంటే తగ్గితే కోరిక పోతుంది అనే గీత ఏదీ లేదని ఆ 2019 ప్రకటనే చెప్పింది. "మీ టెస్టోస్టిరాన్ తక్కువుంది, అందుకే" అని ఎవరైనా రిపోర్టు చూపించి ప్యాకేజీ అంటగడితే లేచి వచ్చేయండి.

ఇంతా చేసి ఓపిక వచ్చింది, బుర్ర తేలికైంది అని చెప్పే ఆడవాళ్ళు అబద్ధాలాడుతున్నారా అంటే, నేను అలా అనను. మా పిన్ని కూతురే అంటుంది, "పనిలో చురుకు పెరిగింది" అని. కోరిక, నిద్ర, ఇంట్లో మాటామంచీ బాగుపడితే పగలు చురుకుగా ఉండటంలో వింతేముంది? ఆమెకి అలా జరిగిందంటే నమ్ముతాను. ఆ మాట పట్టుకుని ఇంకో వెయ్యిమందికి నీరసం మందుగా అమ్మడాన్ని మాత్రం ఒప్పుకోను.

ఎవరి బాధ?

మా బంధువుల్లో ఒక పెద్దాయన, రిటైరయ్యారు, ఒకరోజు ఫోన్ చేసి కాసేపు అవీ ఇవీ మాట్లాడి "మా ఆవిడకి వాడటానికి ఏదో జెల్ ఉందట కదమ్మా, నీకు తెలుసటగా" అన్నారు. అత్తయ్యకి ఏమనుందని అడిగాను. "దానికేం తెలుసు, నేను తెచ్చిస్తే రాసుకుంటుంది" అన్నారు. ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు మనసు బాగాలేదు. నేను ఇన్నాళ్ళూ పోట్లాడుతున్నది దీనికోసమా అనిపించింది.

ఈ మందు గురించి నాకున్న పెద్ద భయం ఇదే. మీసాలు కాదు. వంట, పూజ, మనవల పెంపకం లాగా ఇదీ ఇంకొక విధి అయి కూర్చుంటుందేమోనని. యాభై దాటాక "హమ్మయ్య, పీడా విరగడైంది" అనుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో బోలెడంతమంది. వాళ్ళకి ఏ జబ్బూ లేదు. ముప్పై ఏళ్ళపాటు తన ఇష్టం ఎవరూ అడగని మనిషికి ఇప్పుడు ఇష్టం లేదంటే అందులో బాగుచేయాల్సింది ఆమె ఒళ్ళు కాదు. కోరిక తగ్గడాన్ని జబ్బుగా మార్చింది మందుల కంపెనీలే అని ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పనిచేసేవాళ్ళు విమర్శిస్తారు, ఆ విమర్శలో నిజముంది.

అందుకే బాధ ఆమెదే అయి ఉండాలన్న షరతు దగ్గర నేను పట్టుబడతాను. భర్త బాధ కాదు. వైద్యులు పెట్టుకున్న నిర్వచనంలోనే ఆ షరతు ఉంది, మన దగ్గర దాన్ని ఎవరూ చదవడం లేదు. సహజంగా వచ్చే మార్పుకి మందెందుకు అనేవాళ్ళని ఒకటి అడుగుతాను. మగవాళ్ళకి వయసుతో వచ్చే మార్పు కూడా సహజమే కదా? 1998లో వయాగ్రా వచ్చింది, ఇవాళ ఆ మాత్ర దొరకని మెడికల్ షాపు లేదు. ఆడవాళ్ళ టెస్టోస్టిరాన్ ప్యాచ్‌ని 2004లో అమెరికాలో ఎఫ్‌డీఏ సలహా సంఘం దీర్ఘకాల భద్రత తేలలేదని వెనక్కి పంపింది. యూరప్‌లో 2006లో అనుమతి వచ్చినా 2012కల్లా మార్కెట్లోంచి తీసేశారు. జాగ్రత్త మంచిదే, నేను కాదనను. జాగ్రత్త ఒక్క ఆడవాళ్ళ విషయంలోనే ఇంత గుర్తుకు రావడం నాకు మింగుడుపడదు.

మోతాదు తప్పితే

చిక్కడపల్లిలో పిల్లలకి సంగీతం చెప్పే ఒకావిడ నాకు తెలుసు. అయిదు శ్రుతిలో హాయిగా పాడేది. ఒక క్లినిక్‌లో "హార్మోన్ బ్యాలెన్స్" అని చెప్పి ఇంజెక్షన్లు ఇచ్చారు. అందులో ఉన్నది టెస్టోస్టిరాన్ అని ఆమెకి తర్వాత, బిల్లు చూస్తే తెలిసింది. మొదట గొంతు బొంగురుపోయింది, జలుబనుకుంది. తగ్గలేదు. ఇప్పుడు తంబురా నాలుగుకి దించి పాడుతోంది, పై షడ్జమం దగ్గర గొంతు పలకడం లేదు. పిల్లలకి చెప్పేటప్పుడు ఆ పై స్వరం రాగానే వాళ్ళచేత పాడించి తను ఆగిపోతుంది.

మోతాదు ఆడవాళ్ళ హద్దులో ఉంటే గొంతు మారడం అరుదు. హద్దు దాటి మారిన గొంతు మళ్ళీ వెనక్కి రాకపోవచ్చు. ఇంజెక్షన్లు, చర్మం కింద పెట్టే గుళికలు ఆడవాళ్ళకి వద్దని ఆ 2019 ప్రకటనలో స్పష్టంగా ఉంది, ఎందుకంటే అవి మోతాదుని ఆకాశానికి ఎత్తేస్తాయి, ఒకసారి లోపలికి వెళ్ళాక తీసేయలేం. జెల్ అయితే రేపు రాసుకోకుండా ఊరుకోవచ్చు.

గడ్డం మీద వెంట్రుకల భయం గురించి కూడా ఒక మాట. జెల్ వాడే నా స్నేహితురాలి కూతురికి పీసీఓఎస్, అంటే మగ హార్మోన్లు ఎక్కువయ్యే అండాశయాల సమస్య. ఆ అమ్మాయి టెస్టోస్టిరాన్ ఎక్కువై మందులు మింగుతూ, పార్లర్‌లో థ్రెడింగ్ చేయించుకుంటోంది. తల్లి అదే హార్మోన్ రాసుకుంటోంది. "మమ్మీ, నాకెక్కువైంది నీకిచ్చేస్తే సరిపోయేది" అని ఆ పిల్ల నవ్వింది. ఏ వయసులో ఎంత ఉండాలన్నదే మొత్తం సంగతని ఇంటర్ పిల్లలకి ఏళ్ళుగా చెప్తున్నాను, ఆ ఇంట్లో అది కళ్ళెదుట కనిపించింది.

ముప్పై ఏళ్ళు నిండకుండానే

ఇదంతా రాస్తుంటే వెనకనుంచి ఒక సందేహం లాగుతూనే ఉంది. ఇది డబ్బున్నవాళ్ళ గోల కాదా?

మా ఇంట్లో వంటకి సాయానికి వచ్చే ఆవిడది మెదక్ దగ్గర పల్లె. ఆమెకి గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. "ముప్పై ఏండ్లు గూడ నిండలేదమ్మా. తెల్లబట్ట అయితుందని పోతె, క్యాన్సరైతదని భయపెట్టిన్రు" అంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసరంగా జరిగే ఈ ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది. టెస్టోస్టిరాన్ మెల్లగా తగ్గుతుందని పైన రాశాను కదా, అండాశయాలు తీసేసినవాళ్ళకి అది వర్తించదు. వాళ్ళకి ఈస్ట్రోజన్ రాత్రికి రాత్రే పోతుంది, టెస్టోస్టిరాన్ సగానికి పడిపోతుంది. ముప్పై ఏళ్ళ వయసులో. యూరప్‌లో ఆ ప్యాచ్‌కి అనుమతి ఇచ్చింది సరిగ్గా ఇలా ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ కోసమే. జూబ్లీహిల్స్ క్లినిక్‌లలో హార్మోన్ ప్యాకేజీలు కొనుక్కునేవాళ్ళకంటే దీని అవసరం ఈవిడకే ఎక్కువ ఉండేది, నిజానికి టెస్టోస్టిరాన్ దాకా ఎందుకు, ఎముకలకీ గుండెకీ కావలసిన ఈస్ట్రోజన్ కూడా ఎవరూ రాయలేదు.

"ఆపరేషన్ అయినంక నీకేమన్నా తేడా అనిపించిందా?" అని అడిగాను. కాసేపు కూర తరుగుతూనే ఉంది. "మా ఇంటాయన దగ్గరికొస్తె భయమైతుండె. మనసుల లేకపాయె. నా మీద అనుమానం వెట్టుకున్నడు, ఇంకెవల మీదనో మనసున్నదని. ఎవ్వలకు జెప్తమమ్మా?" అంది. ఆ తర్వాత నా సందేహం పోయింది. డబ్బున్నామెకీ లేనామెకీ మందు దగ్గర తేడా ఉంది, అడగని ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒకటే.

అడిగితే ఏం రాయాలి?

హైదరాబాద్ అంటే మందుల ఊరు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టినప్పటినుంచీ, అక్కడ పనిచేసినవాళ్ళు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నప్పటినుంచీ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం దాకా ఫ్యాక్టరీలు. దేశానికి కావలసిన బల్క్ డ్రగ్స్‌లో (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థాల్లో) పెద్ద వాటా ఇక్కడే తయారవుతుంది. మగవాళ్ళ జెల్ మన దేశంలో ఇప్పటికే తయారవుతోంది. దాన్నే పదో వంతు మోతాదుకి, కొలత గొట్టంతో ట్యూబులో పెట్టడానికి కొత్తగా కనిపెట్టాల్సిన విద్య లేదు. అడిగేవాళ్ళు లేరని కంపెనీలు చేయవు, మందు లేదని డాక్టర్లు అడగరు, డాక్టరు అడగదని ఆడవాళ్ళు చెప్పరు. ఈ మూడింట్లో ముందు కదలగలిగింది డాక్టరే అని నా నమ్మకం.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు గైనకాలజీ పీజీ చేస్తోంది. ఆమెతో ఈ మాటే అన్నాను. "మేడమ్, ఓపీలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప. పక్కనే అత్తగారో, ఆడపడుచో నిలబడి ఉంటుంది. ఎలా అడగమంటారు?" అంది. కాదనలేను. ఆ ఓపీ వరండాలో నేనూ నిలబడిన దాన్నే. అయినా పరీక్ష చేసేటప్పుడు తెర వేస్తారు కదా, అత్తగారు తెర బయటే ఉంటుంది కదా, ఆ అర నిమిషంలో అడగమన్నాను. "ఆయనతో దగ్గరగా ఉండటం మీకు ఇష్టంగానే ఉంటోందా, నొప్పి ఏమైనా ఉందా" అని. అంతే. ఎవరైనా చెప్పకపోతే వదిలేయమన్నాను.

మొన్న ఫోన్ చేసింది. అడగడం మొదలుపెట్టిందట. చాలామంది సిగ్గుపడి తల తిప్పేసుకుంటున్నారు, కొందరు నొప్పి గురించి చెప్తున్నారు, వాళ్ళకి క్రీము రాస్తోంది. ఒకావిడ మాత్రం తెర వెనక మంచం మీదనుంచి దిగకుండా ఉన్నదంతా చెప్పుకుందట. "చెప్తున్నారు మేడమ్, అడిగితే. అయితే అంతా విని ఏం రాయాలో మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. మా ప్రొఫెసర్‌ని అడిగితే ఆ వయసులో ఎందుకమ్మా అన్నారు" అంది. ఆమెకి 2019 ప్రకటన పూర్తి పాఠం పంపాను. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో శనివారం పరిశోధన పత్రాలు చదివి చర్చించుకునే జర్నల్ క్లబ్‌లో దాన్ని చదివి వినిపించడానికి పేరు ఇచ్చింది.